నడుమ పెట్టిన మార్కు

ఫిబ్రవరి 3, సోమవారం

మార్కులు వేయడం అయిపోయింది. తొమ్మిదో తరగతి, నలభై రెండు మంది, లెవల్ వన్ కంప్యూటర్ సర్టిఫికెట్ ప్రాజెక్టు, అరవైకి. రెండు పీరియడ్లలో ఖతం. ఇంత త్వరగా ఎలా అయిందంటే, మోడల్ ప్రాజెక్టు నేనే చేసి ప్రొజెక్టర్ మీద వేశాను. సూపర్ మార్కెట్ స్టాక్ లిస్టు. పది సరుకులు, కింద టోటల్, పక్కన చార్ట్. పిల్లలు చూసి ఎక్కించారు. నేను చదువుకున్నప్పుడు సైన్సు రికార్డు కూడా అలాగే రాశాను, సీనియర్ అక్క రికార్డు పక్కన పెట్టుకుని. మా సూర్యాపేటలో అంతే, నేను పాఠాలు చెప్పే ఈ కోదాడలోనూ అంతే. నీటుగా ఎక్కించినవాళ్లకు యాభై పైన, చార్ట్ వేయకుండా వదిలేసినవాళ్లకు ముప్పై.

పవన్‌కు యాభై ఎనిమిది. క్లాస్ ఫస్ట్ వాడే. వాళ్ల నాన్న ఇక్కడ పెద్ద లీడర్, ఊళ్లో ప్రతి ఫ్లెక్సీలోనూ ఆయన ముఖమే.

చిలుకూరు నుంచి వచ్చే వనితకు పంతొమ్మిది. ఇచ్చిన ఫార్మాట్ వదిలేసి కోళ్ల మీద చేసింది. కోళ్లు! పూర్తిగా చదవలేదు కూడా.

ఫిబ్రవరి 5

వనిత స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. పాస్ కావాలంటే ఇరవై నాలుగు రావాలి.

"టీచర్, నా దాంట్లో తప్పేందో చెప్పండి. దిద్దుకుంటా."

ఫార్మాట్ అన్నాను. కదల్లేదు. మోడల్‌లో టోటల్‌కు ధనియాలు కలవలేదని మెల్లగా చెప్పింది. పెద్దదానివయ్యావు, పో అన్నాను.

సాయంత్రం 6:10, బస్సులో

ఫోన్‌లో తెరిచి చూశాను. నిజమే, కలవలేదు. ఫార్ములా పదో వరుస దగ్గర ఆగింది. హెడ్డింగ్‌తో కలిపి ధనియాలు పదకొండో వరుస. నలభై ఒక్క మంది ఆ తప్పును అలాగే ఎక్కించారు. నలభై ఒక్క సార్లు నేను టిక్కు పెట్టాను. పక్క సీటావిడ నా ముఖం చూసి, ఇంట్లో అందరూ బాగున్నారా అమ్మా అని అడిగింది.

ఫిబ్రవరి 6

వనిత ఫైలు చదివాను. అయిదు కోళ్లు, నలభై రోజులు. ఏ కోడి ఏ పూట గుడ్డు పెట్టింది, ఏది ఎప్పుడు కనబడలేదు. వనిత బడికి వచ్చినప్పుడు వాళ్ల నాయనమ్మ జానమ్మ చూసి చెప్పేదట. చుక్కల కోడి గుడ్లు మానేసిందని కోసేద్దామనుకున్నారు. కానీ అది రోజు మార్చి రోజు పొద్దున గంటసేపు మాయమవుతోందని షీటులో తేలింది. వెతికితే పక్కింటి గడ్డివాములో పదకొండు గుడ్లు. చివర ఒక వాక్యం రాసింది. "చుక్కల కోడిని కోయలేదు."

ఎనిమిదేళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. కంప్యూటర్ ఎందుకు అన్నదానికి ఇంత మంచి జవాబు నా నోట ఎప్పుడూ రాలేదు. దానికి పంతొమ్మిది వేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 8

వనిత వాళ్లమ్మ సుగుణమ్మ నాట్ల నుంచి నేరుగా వచ్చింది. కాళ్లకు బురద, గేటు దాటి లోపలికి రానంది. మెరిట్ వస్తే సూర్యాపేటలో హాస్టల్‌తో సహా పై కోర్సు ఉచితమట గదా, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. రాకుంటే పదోతరగతి అయ్యాక తన వెంట నాట్లకు తీసుకుపోతానంది. బెదిరింపుగా కాదు, మామూలుగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఫిబ్రవరి 10

మార్కు సరిచేస్తానని ప్రిన్సిపాల్ సత్యానందం సార్‌తో చెప్పాను. యాభై ఏడు ఇవ్వాలి. ఆయన రూల్స్ కాగితం నా ముందుకు తోశాడు. వేరే బడి నుంచి మార్కులు సరిచూసే మాడరేటర్ వచ్చి మెరిట్ వాళ్ల ఫైళ్లన్నీ చూస్తుంది. అట్టడుగున ఉన్న రెండూ చూస్తుంది. అంటే పంతొమ్మిదైనా, యాభై ఏడైనా వనిత ఫైలు బయటికి వస్తుంది. అందరివీ ఒకేలా ఉంటే 'కామన్ టాస్క్' అని సరిపెట్టుకోవచ్చట. పక్కన ఒక్కటి వేరుగా కనబడిందా, మిగతావన్నీ కాపీలే అవుతాయి.

తర్వాత తలుపు దగ్గరికి వేసి అన్నాడు.

"నడుమ పెట్టమ్మా. నడుమ ఎవరూ సూడరు. పిల్ల పాసైతది, మనమూ బతుకుతం."

చెడ్డవాడేం కాదు. నా ఉద్యోగం కూడా లెక్కలో వేసుకునే అన్నాడు.

ఫిబ్రవరి 12

పెట్టాను. నలభై రెండు.

ఫిబ్రవరి 13

పాసయ్యావని వనితతో చెప్పాను. థాంక్స్ టీచర్ అంది. మెరిట్‌కు ఎన్ని తగ్గాయంది. పన్నెండు. ఆ పన్నెండు ఎక్కడ పోయాయో చెబితే ఇంకోసారి జాగ్రత్త పడతానంది. బెల్ కొట్టారు, బతికిపోయాను.

ఫిబ్రవరి 17

పెద్దగట్టు జాతర. హైవే మీద బండ్లు మళ్లించారు, బస్సు ఎక్కడెక్కడో తిరిగి రెండు గంటలు ఆలస్యంగా చేరింది. మాడరేటర్ రాక శుక్రవారానికి వాయిదా. ఇంకో నాలుగు రోజులు ఈ గుబులు. ఇస్త్రీ పెట్టె ఆపానా లేదా అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూశాను. అసలు పొద్దున ఇస్త్రీయే చేయలేదు.

ఫిబ్రవరి 20

ఒకసారి యాభై ఏడుకు మార్చాను. మళ్లీ నలభై రెండు చేశాను. ఐదింటికి మార్కులు ఎక్కించే సైట్ లాక్ అయింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఇదంతా వరుసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే వేరేగా చెప్పుకుంటాను.

మాడరేటర్ కృపారాణి మేడమ్ మిర్యాలగూడ నుంచి పదకొండింటికి వచ్చింది. అక్కడ ఆమె కూడా కంప్యూటర్ టీచరే. మెరిట్ ఫైళ్లు ఎనిమిది, అడుగున రెండు. పదీ సూపర్ మార్కెట్లే. పేజీలు తిప్పుతూ త్రిపురారం దగ్గర కాలువ నీళ్ల గురించి, ఎండల గురించి మాట్లాడింది. ఎక్కడా ఆగలేదు. ధనియాల దగ్గర కూడా. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. టీ వచ్చింది. సార్ బిస్కెట్ల ప్లేటు జరిపాడు. మేడమ్ పెన్ను మూత తీసి, ఆనవాయితీగా, ఇంకేమైనా చూపించేది ఉందా అని అడిగింది.

లేదు అనడానికే నోరు తెరిచాను. నిజంగా. కానీ బీరువా దగ్గరికి నడిచి వనిత ఫైలు తెచ్చాను.

"పిల్ల చేసింది ఇదొక్కటే, మేడమ్. మిగతా నలభై ఒకటీ నేను చేసినవే."

సార్ కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. మేడమ్ చదివింది. గడ్డివాము దగ్గర నవ్వింది. తర్వాత నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టింది. తన బడిలో కూడా తనే మోడల్ వేస్తుందట, అది తప్పని తెలియక కాదట. నాతో కాదు, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"చూసినంక చూడలేదని ఎట్ల రాయాలె?"

వనితకు యాభై ఏడు రాసింది. నలభై ఒకటి రద్దు. మార్చి ఐదులోగా ఎవరి ప్రాజెక్టు వాళ్లు, ఎవరి విషయం మీద వాళ్లు చేయాలి. లేకుంటే ఈ ఏడు సర్టిఫికెట్ లేదు. ఆమె వెళ్లాక సార్, జూన్ నుంచి వేరే బడి చూసుకోమన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 22

పవన్ వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ఒక కూలామె బిడ్డ కోసం నలభై మందిని ముంచావన్నాడు. ముంచింది ఇప్పుడు కాదండీ, మోడల్ వేసిన రోజునే అన్నాను. పెట్టేశాడు. తర్వాత ఏడ్చాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ల్యాబ్‌లో నలభై ఒక్క ఖాళీ షీట్లు. మొదటి పీరియడ్ అంతా ఎవరూ ఒక్క అక్షరం కొట్టలేదు. ఏం రాయాలో నేనూ చెప్పలేదు. రెండో పీరియడ్‌లో పవన్ చెయ్యెత్తాడు. ఇంట్లో సంగతి రాస్తే నడుస్తదా టీచర్ అని అడిగాడు. నడుస్తుందన్నాను.

బెల్ అయ్యాక చూశాను. పైన హెడ్డింగ్: నాన్న మాతో అన్నం తిన్న రోజులు. కింద జనవరి తేదీలన్నీ, ముప్పై ఒక్క వరుసలు. టోటల్ ఫార్ములా సరిగ్గా చివరి వరుస దాకా వేశాడు.

రెండు.