వదులు నేత

నాయనా,

ఈ పొద్దు నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుకునేదానికి నువ్వు లేవు, అందుకే రాస్తాండా.

మన చీరలు కొంటాండిన శెట్టి ఉండెనే, ఆయప్ప కొడుకు ధర్మవరంలో కొత్త షోరూము తెరుస్తాండాడంట. ఇంటికొచ్చి కూర్చొని, "అక్కా, ఆపరేషను అయినంక మీ నాయన నేసిన చీర ఇయ్యి. అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన ఆయన ఫోటో పెడతాం" అన్నాడు. గుండెకు కండ చుట్టించుకున్న నేతగాని చీరంటే జనం ఎగబడి చూస్తారంట.

నీ గుండె నీరసపడిందని, వీపులో ఎడమపక్క కండను తెచ్చి దాని చుట్టూ చుట్టినారు. చిన్న మిషను పెట్టి, గుండెతో పాటు కొట్టుకునేది దానికి నేర్పించినారు. నువ్వు బతికినావు. పోగును దగ్గరికి కొట్టే ఎడమ చేతిలో మాత్రం బలం పోయింది. అయినా పంతానికి మగ్గంలో కూర్చొని ఒక్క చీర నేసినావు. వీళ్ళ నాయన దాన్ని వెలుతురుకు పట్టి, "జల్లెడ మాదిరి ఉండాది" అని మన గడప మీదికి విసిరేసినాడు. నువ్వు వంగి తీసుకొని మడత పెట్టుకున్నావు. ఆయప్ప మీద కంటే నీ మీదే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

"చీర యాడుండాది అక్కా?" అని వీడు మళ్ళీ అడిగినాడు.

"మీ నాయన విసిరేసిన చీర కప్పే మా నాయన్ను మట్టిలో పెట్టినాం. కావాలంటే పోయి తవ్వుకో" అన్నా.

నువ్వుంటే, ముందు కాఫీ ఇయ్యి పాపా అందువు. నీళ్ళు గూడా ఇయ్యలేదు నాయనా.