అమ్మ గంపకు ఒక కుర్చీ

కార్నియా కొండల్లోని తెర్జాస్ గ్రామ నివాసి, కీ.శే. బాత్తిస్తా కాండోని కుమార్తె, ఎనభై ఏళ్ల ఎర్మీనియా కాండోని అను నేను పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మోకాళ్లు మొరాయించాయి గాని బుద్ధి నిక్షేపంగా ఉంది. నమ్మనివారు నాతో పేకాటకు కూర్చోవచ్చు. అమలు బాధ్యత మా ఊరి గ్రంథాలయం చూసుకునే లివియా స్క్రెమ్‌ది. ఆమెకు గొంతు పెద్దది, మొహమాటం లేదు. నేను పోయాక వచ్చే మొదటి నవంబరు నాలుగున, ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల చుట్టూ చేరాక, దీన్ని పైకి చదవవలెను.

1. నా ఇల్లు సర్వహక్కులతో మేనకోడలు రీనాకు చెందును. వంటింటి పొయ్యి తిడితేగాని రాజుకోదు. ఆ విద్య రీనాకు వచ్చు.

2. మొక్కజొన్న సంకటి కలిపే రాగి బాన పొరుగింటి జెల్మీనాకు. ముప్పై ఏళ్లుగా తీసుకెళ్తోంది, తెచ్చిస్తోంది. ఇక తేనక్కరలేదు.

3. నాన్నగారి పర్వతదళం టోపీ, ఈకతో సహా, తమ్ముడు దుయీలియోకు. ఏటా ఈ రోజున, యుద్ధం గెలిచిన రోజని, ఆ టోపీని కుర్చీలో పెట్టి, మన ఇంటి సైనికుల పేర్లు వాడు పిలుస్తాడు, మనమంతా "హాజర్!" అంటాం. వాడి పేరు వాడే పిలుచుకుంటాడు. వాడు సైన్యంలో చేసింది ఆఫీసులో ముద్రలు కొట్టడం. అయినా నేను ఏనాడూ నవ్వలేదు, ఒకటి రెండుసార్లు తప్ప.

4. అమ్మ పేరు మాత్రం ఎవరూ పిలవరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, పదిహేడేళ్ల పిల్లగా, సైన్యం నంబరు వేసి ఇచ్చిన ఎర్ర పట్టీ చేతికి కట్టుకుని, ముప్పై అయిదు కిలోల ఫిరంగి గుళ్లూ రొట్టెలూ వీపు గంపలో మోస్తూ, మంచులో కనుమ మీది కందకాల దాకా ఎక్కింది అమ్మ. దిగేటప్పుడు నడుస్తూనే మేజోళ్లు అల్లేది. ఒక జత కందకంలో ఉన్న నాన్నకు చేరింది. నేనూ దుయీలియో ఆ జత పుణ్యమే. నాన్న ఉన్నన్నాళ్లూ అనేవాడు: "నా తలమీద ఈక, మీ అమ్మ వీపుమీద యుద్ధం. ఏది బరువో మీరే తేల్చుకోండర్రా."

5. నాన్న పోయిన మరుసటి ఏడు టోపీ పక్కన ఇంకో కుర్చీ వేసి, అమ్మ గంప పెట్టాను. దుయీలియో దాన్ని కట్టెల కొట్టంలో పడేశాడు. "గంపకు కుర్చీ ఏమిటే అక్కా! రేపు కట్టెలక్కూడా సెల్యూట్ కొట్టమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి నేను ఏడ్చాను. అది ఇవాళే చెబుతున్నాను.

6. కనుమ కింది పచ్చికబయలు దుయీలియోకు రాస్తున్నాను, ఒక షరతు మీద: గంప కుర్చీలో ఉండాలి, అమ్మ పేరు వాడి నోటితో పిలవాలి. కాదన్న పక్షంలో ఆ బయలు జెల్మీనాకు, అనగా వాడు రాళ్లు విసిరి తరిమే ఆమె మేకలకు చెందును.

7. అమ్మ అల్లిక సూదులు కూడా రీనాకు. ఒకటి వంగింది, సరిచేయించవద్దు.

8. లివియా, ఇక్కడ ఆపి కాగితం దుయీలియో చేతికివ్వు. కింది వరుస వాడే చదవాలి.

ఓర్సోలా జానియెర్. ఎర్ర పట్టీ, నంబరు యాభై ఎనిమిది.

గట్టిగా పిలవరా తమ్ముడూ. నాకు ఎడమ చెవి వినపడదని తెలుసుగా. "హాజర్" అనే గొంతుల్లో నాదీ ఒకటి ఉంటుంది.

తెర్జాస్, 9 సెప్టెంబరు 2003

(సం.) ఎర్మీనియా కాండోని

సాక్షులు:
ఒదోరికో మతీజ్, వడ్రంగి (గంప పట్టీలు బాగుచేసినవాడు)
నివేస్ పుంతెల్, మంత్రసాని