కంటి పక్క చుక్కలు

12 మార్చి 2009, బుక్కరాయసముద్రం

భారతి పోయి నెల. మాసికం అయింది.

రామాంజినమ్మ నాకు అక్క, అత్త కూడా. అక్క కూతురిని చేసుకోవడం మా ఇళ్లలో మామూలే. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. అక్క ఏడవలేదని ఊరంతా గుసగుస. కన్నతల్లి కంట్లో చుక్క నీళ్లు ల్యావు, అదేం గుండె తల్లీ అని ఎదురింటి సుంకమ్మ నాకు వినబడేటట్టే అన్నది.

నేను అడగలేదు. అక్కే చెప్పింది. ఏడుద్దామంటే కండ్లల్లో ఇసుక పోసినట్ల ఉండాదప్పా, ఒకటే మంట అని.

15 మార్చి

అనంతపురంలో కంటి డాక్టరు. రెప్పల అంచున నూనె గ్రంథులు ఉంటాయట. అక్కకు అవి మూసుకుపోయాయి. పైన నూనె పొర లేక, ఊరిన నీళ్లు ఊరినట్టే ఆరిపోతున్నాయి. డ్రాప్స్ రాశాడు. వేడి గుడ్డతో కాపడం పెట్టమన్నాడు.

బయటికి వచ్చాక అక్క అన్నది, చూస్తివా, గుండె ల్యాక కాదు, నూనె ల్యాక. పోయి ఆ సుంకమ్మకు చెప్పు.

9 ఏప్రిల్

కాపడం పెడుతూనే ఉన్నాను. గుణం లేదు. ఎండ, దుమ్ము.

4 మే

నల్లగుడ్డు మీద పుండు. ఇట్లాగే ఉంటే మచ్చలు పడి చూపు పోతుందన్నాడు డాక్టరు. బెంగళూరులో ఒక స్కిన్ క్లినిక్‌లో లైట్ మెషిన్ ఉందట. కళ్లకు కప్పులు పెట్టి, చుట్టూ చర్మం మీద ఫ్లాష్ కొడతారు. దానితో గ్రంథులు తెరుచుకుంటాయని కొత్తగా అంటున్నారట. గ్యారంటీ లేదు. వేరే దారీ లేదు.

11 మే, బెంగళూరు బస్టాండ్

మెషిన్ ఆన్ చేసిన డాక్టరమ్మ అక్క ముఖం తుడిచి చూసి ఆపేసింది. రెండు కళ్ల పక్కనా పచ్చబొట్టు, మూడేసి చుక్కలు. వాటి మీద లైట్ కొడితే చర్మం కాలుతుందట. ముందు లేజరుతో వాటిని తీయించుకోవాలి.

నల్లనిది వెలుగును మింగుతుంది, వేడెక్కుతుంది. ఇంటర్ పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే. అయినా నాకు తట్టలేదు.

12 మే

భారతికీ అవే చుక్కలు. కదిరి తిరునాళ్లలో తల్లీకూతుళ్లు ఒకే రోజు పొడిపించుకున్నారు.

అక్క తీయించుకోనన్నది. పొయ్యేటప్పుడు ముక్కుపుడక గూడా పెరుక్కుంటారు, వెంట వచ్చేది ఇదొక్కటే. ఇది ల్యాకపోతే పాప నన్ను ఆడ ఎట్ల గుర్తుపడుతుంది. ఫిజిక్స్ చదివినావు గదా, నువ్వే చెప్పు.



30 జూన్

విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. పప్పును పొట్టులో వేసి, పొట్టును గంపలో వేస్తోంది. నేను చూస్తున్నట్టు ఆమెకు తెలియదు.

3 జులై

వాన లేదు.

18 జులై

కుడి కన్ను పూర్తిగా మసక. ఎడమ కన్నయినా కాపాడుకుందామని డాక్టరు. సాయంత్రం అక్క తనంతట తానే ఒప్పుకుంది. తీసేయించప్పా. నేను గుడ్డిదాన్నయితే నీకు ఇంత ముద్ద చేసిపెట్టేదెవరు. పాపకు చుక్కలు ఉండాయి గదా, నేనే దాన్ని గుర్తుపడతాలే అని.

క్లినిక్‌కు ఫోన్ చేశాను. బుధవారం రమ్మన్నారు.

21 జులై

ఉదయం కాపడం పెట్టాను. అక్క తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. రెప్పల మీద గుడ్డ కప్పితే కంటి పక్క చోటు ఒక్కటే కనబడుతుంది. ఆ కాస్త చోటు భారతిది.

గుడ్డ అట్లే పట్టుకుని ఉండిపోయాను. సల్లగయిపాయ గదప్పా, తియ్యి అన్నది.

22 జులై, అనంతపురం బస్టాండ్

బెంగళూరు బస్సు వచ్చి ఆగింది. మనదేనా అని అక్క అడిగింది.

కాదన్నాను.