పదకొండుకు చేరకుండా

అక్కా,

ఏళ్ల తరబడి నాలో నలుగుతున్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను: భయంగా ఉందా అని అడిగితే ఉన్న భయం తగ్గుతుందా, లేని భయం పుడుతుందా? ఇక్కడ అందరం కులాసా. నువ్వూ బావగారూ అలాగే ఉన్నారని తలుస్తాను. మెట్లు ఎక్కొద్దన్నారుగా, మానేశావా?

నా ఉద్యోగం గురించి మీ అత్తగారికి ఏం చెప్పాలని అడిగావు. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో తేడా కనిపించిన ఆడవాళ్ల ఎదురుగా కూర్చుని వాళ్ల మనసును అంకెల్లో రాసుకుంటుందని చెప్పు. తేడా అంటే క్యాన్సరని కాదని ముందే చెబుతాను. తర్వాత బెంగకు ఏడు ప్రశ్నలు, దిగులుకు ఏడు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. ఏ ఏడింటి మొత్తమైనా పదకొండుకు చేరితే ఆ రోజే డాక్టరు దగ్గరకు పంపాలి. అది మా నియమం.

మొన్న బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. ప్రశ్న పూర్తిగా వినకుండానే అన్నిటికీ సున్నా పెట్టమంటోంది.

"నిజం చెప్పాలమ్మా."

"చెబితే నా భయం మీరేమన్నా పట్టుకుపోతారా? ఈ కాగితం మీరు నింపితే మొత్తం ఎంతొస్తుందేమిటి?"

"పది," అన్నాను, ఆలోచించకుండానే.

ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "అంత టక్కున చెప్పారంటే మీకూ తేడా వచ్చిందన్నమాట. సరే, నాది మళ్లీ అడగండి." ఈసారి బెంగ పదహారొచ్చింది. వెంటనే పంపాను.

"నీ పరీక్ష ఏమైంది?" అని నీ ఉత్తరంలో అడిగావు. ఆ జవాబునే ఇంతదాకా తోసుకొచ్చాను. తేడా ఉందన్నారక్కా, నెలయింది. లోపల భూతద్దంతో చూసి చిన్న ముక్క తీయాలట. రెండుసార్లు రమ్మన్నారు, రెండుసార్లూ పనుందన్నాను. ఇంట్లో చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని ఆ కాగితం నింపుతున్నాను. ఎన్నిసార్లు నింపినా బెంగ పదే. ఏ గడి దగ్గర తగ్గాలో నాకు తెలుసు కదా! పైన కులాసా అని రాశానే, అదీ అలాంటి పదే.

ఖాళీ కాగితం ఒకటి ఇందులో పెట్టాను. ఉగ్గుపాలనాటి నుంచి నన్నెరిగినదానివి, నా బదులు నువ్వు నింపు. అది నీ చేతికి అందేలోపు వాళ్లిచ్చిన మూడో గడువు, గురువారం, దాటిపోతుంది. వెళ్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
నువ్వు మొండిఘటం అని పిలిచే
నీ చెల్లి