పది గంటల పొగ

జోధ్‌పూర్

అన్నకు, చెల్లె సరోజ దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడొద్దు. అవ్వ దగ్గు తగ్గిందా? వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు?

ఇక్కడ ఎండ మనకన్నా ముందే ముదిరింది. మధ్యాహ్నం దుమ్ము లేస్తే ఎదురింటి గోడ కూడా కనపడదు. రొట్టె తింటుంటే పళ్లకింద ఇసుక తగులుతుంది. భాషకు మాత్రం ఇబ్బంది లేదు, మన పక్క క్వార్టరు ఖాలా నేర్పిన ఉర్దూతో నెట్టుకొస్తున్నాను. ఆమెకు నా సలాం చెప్పు. ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చింతపండు పంపించు, పచ్చిపులుసు మీదికి ప్రాణం పోతున్నది. బాగానే ఉన్నాను, నిజంగా.

నా పనేమిటని అవ్వ ప్రతిసారీ అడుగుతుంది కదా. ఉపగ్రహం పైనుంచి తీసిన చిత్రాలు మా ఆఫీసుకు వస్తాయి. ఎక్కడ దుమ్ము లేచిందో, ఎక్కడ అడవి అంటుకుని పొగ పోతున్నదో చూసి గీత గీసి చెప్పాలి. అడవి పొగ అని తేలితే పెద్దసారు అక్కడి అటవీ శాఖకు కబురు పంపుతాడు.

ఎల్లయ్య మామ రెండు కాళ్లు కాలాయని నువ్వు రాసింది చదివాను. గోదావరి అవతల ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకు తగలబెట్టడం మనకు కొత్త కాదు. ఈసారి ఆ మంట చేయి దాటిందని, రెండో రోజు మళ్లీ పువ్వుకు పోయిన మామను చుట్టుముట్టిందని రాశావు.

అన్నా, ఇది చెప్పకుంటే నాకు ముద్ద దిగదు. మొదటి రోజే ఆ పొగను నేను చిత్రంలో చూశాను.

గోదావరి మీదుగా మన బొగ్గుబాయి కాలనీ దాకా సన్నటి తెల్లచార. "మీ ఊరే కదా, ఇదేం పొగ?" అని పెద్దసారు నన్నే అడిగాడు. నేను నవ్వాను కూడా. "మా ఇళ్ల ముందు బొగ్గు పొయ్యిల పొగ సార్, రోజూ ఉండేదే" అన్నాను. పుట్టిన ఊరి మనిషి చెప్పాక ఆయన ఇంకేం అడుగుతాడు? చిత్రం పక్కన పెట్టాడు. కబురు పోలేదు.

నిన్న నీ ఉత్తరం చదివి ఆ చిత్రం మళ్లీ తీశాను. మూలన టైము ఉంది, పొద్దున పది దాటింది. పదింటికి మన కాలనీలో పొగ ఎక్కడిది? బాపు మొదటి షిఫ్టుకు పోకముందే అవ్వ వాకిట్లో పచ్చి బొగ్గు పేర్చి అంటించేది. "పొగ సచ్చెదాక లోపలికి తేవద్దు బిడ్డా" అనేది. ఎర్రబడ్డాక పొయ్యిలోకి ఎత్తేవాళ్లం. ఎనిమిదయ్యేసరికి వాకిలి ఊడ్చి చల్లేవాళ్లం కూడా. ఇరవై ఏళ్లు ఆ పొగలో పెరిగి దాని వేళ మరిచిపోయాను. ఇంత దూరంలో మన ఊరి పొగ కనపడిందని సంబరపడ్డాను, అంతే.

పెద్దసారుకు అంతా చెప్పాను. "ఇకనుంచి ముందు టైము చూడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. రెండో రోజు అత్త పోవద్దంటే మామ అన్నాడట: "నాకేం ఫికరే? మా కోడలు సరోజ పైకెల్లి చూస్తాంది గద. మంట పెద్దగయితె ముందుగాల్నే కబురు రాదా?" ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతున్నాను.

సెలవు అడిగాను, వచ్చే నెల ఇస్తామన్నారు. అప్పటిదాకా ఆగలేను. నువ్వు దవాఖానకు పోయి మామ మంచం పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదువు. బాధపడతాడని ఏ ముక్కా దాటెయ్యకు. తిడితే తిట్టినట్టే నాకు రాయి. ఏమీ అనకపోతే అదీ రాయి. కబురు వస్తుందని నమ్మి అడవికి పోయాడు. ఆలస్యమైనా అది నేనే పంపాలి.

అవ్వ కాళ్లకు, అత్త కాళ్లకు నా మొక్కులు. పిల్లలకు ముద్దులు. బొగ్గుబాయిలోకి దిగేటప్పుడు పైలం అన్నా.

నీ చెల్లె
సరోజ