ఈ ఇంట్లో అనకూడదన్న మాట

దీనమ్మా, నువ్వు చేసిన ఉపవాసాలన్నీ నిజంగా ప్రార్థన కోసమేనా?

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. పొద్దున మన రూతు నాకొక్కడికే గంజి పోసి, "నాకివాళ ఉపవాసం నాన్నా" అంది. అనుమానమొచ్చి బియ్యం పోసే కిరసనాయిలు డబ్బా మూత తీశాను. అడుగు కనబడింది.

"అయిపోయాయని చెప్పొచ్చుగా?"

"పొయ్యి ముందు 'లేవు' అనకూడదంటారుగా. 'నిండుకున్నాయి' అందామంటే నువ్వేమో మండిపడతావు. అమ్మ కూడా ఇంతే చేసేది నాన్నా."

పెళ్ళైన కొత్తలో ఖాళీ డబ్బా పక్కన నిలబడి నువ్వు నిండుకున్నాయన్నావు. లేనిదాన్ని నిండిందనడం అబద్ధమేనని బైబిలు వాక్యం తెరిచి గద్దించాను. నీ నోట ఆ మాట మళ్ళీ రాలేదు. ఉపవాసాలు మాత్రం పెరిగాయి. వినగడప ఊరి ప్రార్థన కూటంలో నీ భక్తి గురించి సాక్ష్యం కూడా చెప్పాను.

ఏ రోజు దేవుడి కోసం మానేశావో, ఏ రోజు నాకు పెట్టి మానేశావో తెలియక, ఇప్పుడు ఒక్కో రోజునూ అనుమానిస్తున్నాను.

సాయంత్రం తిరువూరు కూటంలో నేనే మాట్లాడాలి. వాక్యం చెప్పడం తర్వాత సంగతి. ముందు మగాళ్ళందరినీ లేపుతాను: "అయ్యలారా, ఇళ్ళకు వెళ్ళండి. మీ ఆడవాళ్ళు ఇవాళ తిన్నారో లేదో ఇప్పుడే చూసి రండి!"