పైపులోంచి నిటారుగా నడిచిన మనిషి

గౌరవనీయులైన ప్రధాన ఇంజనీరు గారి సముఖమునకు,
నీటి శుద్ధి విభాగం.

సదరు విభాగంలోని డిజైను శాఖ ఇంజనీరు మరియు సాఫ్ట్‌వేర్ ఎంపిక సంఘం కన్వీనరు వ్రాసుకొను అర్జీ.

విషయం: నీటి శుద్ధి కేంద్రాల పైపుల నమూనాలు కట్టుటకై కొనదలచిన సాఫ్ట్‌వేర్‌పై మా సంఘం చేసిన సిఫారసును నిలుపుదల చేయుట, మరియు ఆ సిఫారసు వ్రాసిన వ్యక్తిపై ఫిర్యాదు – గురించి.

అయ్యా,

ఇందులో ఫిర్యాదు చేయువాడను నేనే, ఫిర్యాదుకు గురియగువాడను కూడా నేనే. ఇటువంటి అర్జీకి మన ఆఫీసులో ఏదైనా పద్ధతి ఉన్నదా అని హెడ్ గుమాస్తా గారిని అడిగితిని. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా సార్?" అన్నారు. కావున నాకు తోచిన పద్ధతిలోనే ఈ క్రింది అంశములు మనవి చేసుకొనుచున్నాను.

1. కొత్తగా కట్టబోవు కేంద్రాలన్నిటికీ పైపుల అమరికను కంప్యూటరులో ముందే కట్టి చూసుకొనుటకు ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయవలసినదిగా తమరు సంఘం వేసియున్నారు. సంఘంలో నేను, అకౌంట్సు అధికారి, స్టోర్సు అధికారి ఉన్నాము. చివరిదాకా నిలిచినవి రెండు సాఫ్ట్‌వేర్లు. వాటి అసలు పేర్లు పలకడానికి మా ముగ్గురిలో ఎవరికీ నోరు తిరగనందున, తెర రంగును బట్టి ఒకదానిని నీలమ్మ అనియు, రెండవదానిని బూడిదమ్మ అనియు పిలుచుకొంటిమి. సంఘం నీలమ్మను సిఫారసు చేసినది. ఫైలు తమ బల్ల మీద సంతకం కొరకు ఉన్నది. నీలమ్మలో కట్టిన మొదటి నమూనా, అనగా కొత్త కేంద్రపు ఫిల్టరు గ్యాలరీ నమూనా, అదే ఫైలులో ఉన్నది. సంతకం కాగానే గోడలు పోస్తారు, పైపులు కోస్తారు.

2. ఇద్దరికీ గల తేడా. బూడిదమ్మ మహా సతాయింపు మనిషి. తెర మీద ఒక వాల్వు పెట్టగానే అడుగుతుంది: దీన్ని ఎవరు తిప్పుతారు? ఎక్కడ నిలబడి? ఏ వైపు నుంచి వస్తారు? జవాబు చెప్పేదాకా ముందుకు కదలనివ్వదు. చెప్పిన తరువాత ఆ నిలబడే చోటునూ, వచ్చే దారినీ పెట్టెలుగా గీసి పెట్టుకొని, వాటిలోకి ఏ పైపు తొంగి చూసినా ఎర్రజెండా ఎత్తుతుంది. నీలమ్మ ఏమీ అడగదు. ఈ చివర, ఆ చివర చూపిస్తే దగ్గర దారి తానే వెతుక్కొని పైపు వేసేస్తుంది. పైపు వెళ్లి పైపుకో గోడకో తగిలితే మాత్రం చెబుతుంది. దానిని మేము 'ఢీ' అంటాము. మా నమూనాకు నీలమ్మ ఇచ్చిన నివేదికలో 'ఢీలు: సున్నా' అని ఆకుపచ్చ అక్షరాలతో ఉన్నది. ఆ కాగితాన్ని తమకు స్వయంగా తెచ్చి చూపించినది నేనే.

3. ప్రదర్శన రోజు జరిగినది. నీలమ్మ కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి మా గ్యాలరీనే పెద్ద తెర మీద తిప్పి చూపించినది తమకు గుర్తుండియే ఉంటుంది. ఫిల్టరు తొట్ల పక్కన, నేల మట్టానికి కింద, పైపులూ వాల్వులూ బారులు తీరి ఉన్న ఆ పొడవాటి ఇరుకు గదిలో ఆమె ఒక బొమ్మ మనిషిని నిలబెట్టి నడిపించినది. పసుపుపచ్చ టోపీ, నీలం చొక్కా. చేతులు ఊపుకుంటూ షికారుకు పోతున్నట్టు పోయాడు. తమరు "భేష్" అన్నారు. తొట్లలోని ఇసుకను కడిగేటప్పుడు కింద నుంచి గాలి ఊదే పైపు ఒకటి దారికి అడ్డంగా, ఛాతీ ఎత్తున పోతున్నది. నీలమ్మ వెతికిన దగ్గర దారి అదే. బొమ్మ మనిషి దాని దగ్గర వంగలేదు, ఆగలేదు. పైపులో దూరి అవతల తేలాడు. చొక్కా కూడా నలగలేదు.

అది నేను చూశాను అయ్యా. అకౌంట్సు అధికారి అప్పుడు ఫోను చూసుకుంటున్నారు. స్టోర్సు అధికారి టీ కప్పు ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నారు. తమరు టోపీ రంగు గురించి ఏదో ముచ్చటపడుతున్నారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చప్పట్లు మొదలుపెట్టినదీ నేనే.

4. నోరెందుకు మెదపలేదని తమరు అడుగవచ్చును. నీళ్ల శాఖలో పనిచేయుచున్నందున నీళ్లు నమలడం నాకు అలవాటని సరిపెట్టుకోవచ్చును గానీ అసలు సంగతి అది కాదు. బూడిదమ్మ ముందు కూర్చుంటే నాకు చెమటలు పట్టేవి. ఆమె అడిగే ఒక్క ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు. వాల్వును ఎవరు తిప్పుతారో, ఎక్కడ నిలబడతారో నేనెప్పుడూ ఆలోచించినవాడిని కాను. ఒక యంత్రం ముందు తెల్లమొహం వేసుకొని కూర్చోవడం నామోషీ అనిపించినది. నీలమ్మ అయితే ఏదీ అడగకుండా నన్ను గొప్పవాడిని చేసి చూపించేది. అందుకే నీలమ్మకు మార్కులు వేసితిని.

5. ఇక్కడితో ఆగితే ఇది ఆఫీసు వ్యవహారమే. కానీ మా అక్క భర్త, నా బావ, మన విభాగంలోనే పాత కేంద్రంలో ఫిల్టరు ఆపరేటరు. అక్కడ ఆయనను 'గుమ్మం' అని పిలుస్తారు, ఎందుకంటే ఆయన నిలబడితే గుమ్మం కనిపించదు. పాత గ్యాలరీలో పైపుల కింద దూరి దూరి ఆయన నడుము పూర్తిగా పోయింది. కింద పడ్డ తాళంచెవి తీసుకోవాలన్నా అక్క రావలసినదే. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు, గొప్ప చూపించుకోవాలనే యావతో, నమూనా తెరిచి ఆయన ముందు పెట్టాను.

"మేం వెళ్లబోయే చోటు ఇదేనా రా?" అన్నాడు.

"ఇదే బావా."

"ఏదీ, వాణ్ణి నడిపించు."

నడిపించాను. బొమ్మ మనిషి ఆ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. నా చిన్న తెర మీద ఆ అడ్డ పైపు మిగతా పైపుల గుంపులో కలిసిపోయింది. మళ్లీ నడిపించమన్నాడు. మళ్లీ నడిపించాను. బావ వంటింట్లో ఉన్న అక్కని కేకేశాడు.

"ఇటు రావే ఒకసారి. వీడు ఎక్కడా వంగట్లేదు చూడు. నిటారుగా పోతున్నాడు."

"వాడికి నీలాగా పొట్ట లేదుగా," అంది అక్క చేతులు తుడుచుకుంటూ.

"పొట్ట కాదే, నేను చెప్పేది నడుము సంగతి. మీ తమ్ముడు గీసిందే ఇదంతా. నా నడుము గోల విన్నాడు కదా ఇన్నాళ్లూ, మనసులో పెట్టుకుని చేశాడు మావాడు."

నా భుజం తట్టి నవ్వాడు. నేను కూడా నవ్వాను. అయ్యా, ఈ అర్జీ మొత్తంలో తమరు నన్ను శిక్షించదగిన వాక్యం ఏదైనా ఉంటే, అది ఇంతకు ముందుది.

6. పై నవ్వు ఫలితములు. బావకు డాక్టరు చీటీ మీద పంపుహౌసులో కూర్చొని మీటర్లు చూసే సీటు మంజూరై ఉన్నది. మరునాడే ఆయన ఆ సీటు వద్దని వ్రాసి ఇచ్చి, కొత్త కేంద్రానికి బదిలీ కోరుకొన్నాడు. ఫిల్టర్ల పని అంటే ఆయనకు ప్రాణం, కుర్చీలో కూర్చోవడం చిన్నతనం. వదిలేసిన సీటు మోకాళ్ల నొప్పులున్న మరొక ఆపరేటరుకు వెళ్లినది. ఆ మోకాళ్లు కూడా నిజమైనవే గనుక, సీటు తిరిగి ఇమ్మని అడిగే మొహం నాకు లేదు. పైగా బావ క్యాంటీనులో కనబడ్డవారికల్లా, "కొత్తదాంట్లో వంగే పనే లేదు, మా బామ్మర్ది చూసుకున్నాడు" అని చెప్పుకుంటున్నాడు. ఆ మాట నమ్మి పాత కేంద్రం నుంచి ఇంకొందరు బదిలీకి పెట్టుకొన్నట్టు తెలిసినది.

7. నేను చేసిన ప్రయత్నములు. ఎవరికీ చెప్పకుండా నమూనాను సరిచేయబోయితిని. గాలి పైపును పైకి జరిపితే దూలానికి తగిలి ఒక ఢీ. కిందికి దించితే మురుగు కాలువకు అడ్డం. పక్కకు నెడితే వాల్వు చక్రానికి తగిలి ఇంకో ఢీ. బావ పట్టేటట్టు చేసిన ప్రతిసారీ నీలమ్మ తప్పు పట్టినది. విసిగి పైపును మొదటి చోటికే తెచ్చేసరికి 'ఢీలు: సున్నా' అని మళ్లీ ఆకుపచ్చగా మెచ్చుకొన్నది. చివరికి బొమ్మ మనిషినే బావంత చేసి చూద్దామని వాడిని పొడుగు పెంచి, లావు పెంచితిని. అంత మనిషీ హాయిగా పైపులోంచి నడిచి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఈ ముక్క ఆఫీసు అర్జీలో ఉండకూడదని తెలుసు, కొట్టివేయడానికి చెయ్యి రాలేదు.

8. పిమ్మట అదే గ్యాలరీని బూడిదమ్మలో కట్టితిని. ఎవరు తిప్పుతారు అని అడిగినది. 'మా బావ' అని కొట్టితిని. ఎక్కడ నిలబడి అని అడిగినది. ప్రతి వాల్వు దగ్గరా బావను మనసులో నిలబెట్టుకొని జవాబులు ఇచ్చుకుంటూ పోయితిని. తెర నిండా ఎర్రజెండాలే. గోడను ఒక పక్క కొంచెం వెనక్కి జరిపి, గాలి పైపును ఆ గోడ వెంబడి తీసుకొని పోతే తప్ప జెండాలు దిగవు. గోడ ఇంకా పోయలేదు. ఈ అర్జీ ఇంత తొందరగా వ్రాయడానికి కారణం అదే.

9. నీలమ్మకు అన్యాయం చేయకూడదు గనుక ఇదియును మనవి. కంపెనీ అమ్మాయికి ఫోను చేసి అడిగితిని. "మనిషికి చోటు కావాలంటే మా దాంట్లో కూడా గీసుకోవచ్చు సార్. పైపులోంచి వెళ్లకుండా ఆపే మీట కూడా ఉంది. ఎవరూ అడగరని ఆపేసి ఉంచుతాం" అన్నది. నిజమే, గీసుకోవచ్చును. నాబోటివాడు గీసుకోడు. మన డిజైను శాఖ నిండా ఉన్నది నాబోటివాళ్లే గనుక, అడిగి అడిగి ప్రాణం తీసే బూడిదమ్మే మనకు తగినదని నా ప్రస్తుత అభిప్రాయం.

కావున తమరు దయతలచి,

(అ) నీలమ్మ సిఫారసు మీద సంతకం ఆపి, ఫైలును సంఘానికి తిప్పి పంపవలెను.

(ఆ) గ్యాలరీ గోడ పోయకుండా వెంటనే ఆపించవలెను. ఆలస్యానికి కారణం ఎవరని కాంట్రాక్టరు అడిగితే నా పేరు చెప్పవలెను.

(ఇ) నన్ను కన్వీనరు పని నుంచి తొలగించవలెను. తొలగించేలోపు కొత్త నమూనా పూర్తి చేయనివ్వవలెను. ఇందులో ఒకదానికొకటి పొసగదని తెలుసు, అయినా రెండూ కావాలి.

తమరు ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తగించిన మీదట నాపై ఆగ్రహం కలిగినచో, ఆ ఆగ్రహం గోడ పోయకముందే కలుగవలెనని నా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
చప్పట్లు మొదలుపెట్టినవాడు.

తా.క. కవరు అంటించే ముందు అక్క వాళ్లింటికి వెళ్లి ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "మీ పెద్దాయనకి ఇంత వివరంగా రాశావు కదా, మీ బావకి చెప్పావా?" అంది. నేను కవరు వైపు చూశాను. "లోపలే ఉన్నారు, వెళ్లు" అంది.

వెళ్లి చెప్పాను. బావ టీవీ గొంతు తగ్గించి అంతా విన్నాడు. బొమ్మ మనిషి నిటారుగా ఎందుకు నడిచాడో చెప్పాను.

"ఆ రోజు నాతో పాటు నవ్వావు కదరా," అన్నాడు.

"నవ్వాను బావా," అన్నాను. ఆయన నడుము పట్టుకుని లేచి, వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"టేపు ఉందా? కొలువు. ఊరికే చెప్తే మీ పెద్దాయన నమ్మొద్దూ."

భుజాలు కొలిచాను. వంగితే ఎంత వంగగలడో, ఎక్కడ నొప్పి మొదలవుతుందో కొలిచాను. పొట్ట దగ్గర, "ఊపిరి బిగపట్టకు బావా, అసలు కొలత కావాలి" అంటే, "నేనెందుకు బిగపడతాను, దొంగ లెక్కలు నీవి" అన్నాడు. వాల్వు తిప్పేటప్పుడు ఎంత చోటు కావాలో చూపించడానికి లేని చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టిగా తిప్పాడు. మోచెయ్యి తగిలి అలమారు మీది ఉప్పు డబ్బా కింద పడింది.

"ఇదీ ఢీయేనా రా?" అంది అక్క.

నాకు నవ్వు ఆగలేదు. బావ నవ్వలేదు. కొలతల కాగితం దీనితో జతపరుస్తున్నాను. అందులో చివర ఉన్న అంకె ఆయన పట్టుబట్టి రాయించినది.

"నాకు ఇంకా కోపం పోలేదు," అన్నాడు మోచెయ్యి రుద్దుకుంటూ. "అలమారుదాకా వచ్చింది చూడు చెయ్యి. అది కూడా రాసుకో."